జారుడు బండి మీద కేసు

దిల్‌సుఖ్‌నగర్,
2011 ఆగస్టు.

మహారాజశ్రీ బక్కయ్య గారికి,

సాంబమూర్తి నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. అక్కడ మీరెలా ఉన్నారో నాకు అనవసరం.

మొన్న ఇరానీ హోటల్లో రాష్ట్రం రెండు కావాలని మీరు, ఒక్కటిగానే ఉండాలని నేను వాదించుకుని, ఈ జన్మలో ఒకరితో ఒకరం మాట్లాడమని ఒట్టు పెట్టుకున్నాం. చాయ్ తెచ్చిన సర్వరు సాక్షి. ఆ ఒట్టులో ఉత్తరాలు రాయకూడదని లేదు కాబట్టి రాస్తున్నాను. గురువారం సాయిబాబా గుడిలో మా ఆవిడ లలిత ఈ ఉత్తరాన్ని మీ ఆవిడ అండాలమ్మ గారి చేతికి ఇస్తుంది. వాళ్లిద్దరికీ మాత్రం ఏ రాష్ట్రమూ అడ్డం రావడం లేదు, అదేం చిత్రమో.

విషయం మన జారుడు బండి గురించి. ఇన్నేళ్లుగా ఆదివారాలు ఇబ్రహీంపట్నం చెరువుకు గాలాలు పట్టుకుని వెళ్తున్నాం. నీళ్లు వెనక్కి పోయిన రోజుల్లో మోకాలి లోతు బురద. అందులో గాలపు కర్రలు, ఐసు పెట్టె, మడత కుర్చీలు, మీ సద్ది డబ్బా, నా కాఫీ ఫ్లాస్కు మోసి మోసి ఇద్దరికీ నడుములు పడిపోయాయి. అలాంటి సమయంలో నేను టీవీలో ఒక కార్యక్రమం చూశాను. చెరువు మొత్తం గడ్డకట్టింది. తెల్లవాళ్లు ఆ మంచుకు బెజ్జం పెట్టి చేపలు పడుతున్నారు. సామానంతా ఒక బండి మీద ఉంది. దానికి చక్రాల్లేవు, కింద రెండు పొడుగాటి జారుడు చెక్కలు, వాటిని స్కీలంటారట. తాడు పట్టి లాగితే జారిపోతోంది. మంచు మీద జారేది బురద మీద జారదా అని మిమ్మల్ని అడిగాను. "జారుతది సారూ, మనిషి గూడ జారుతడు" అన్నారు మీరు.

నక్షా గీసింది నేను. కరెంటు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరైన చెయ్యి ఇది. స్కీలకు వాడిన చెక్క మా పాత గుమ్మానిది. ఆ చెక్కను ఉడకబెట్టి కొసలు పైకి వంచింది, కింద రేకు కొట్టింది, పైపుల ఫ్రేము వెల్డింగు చేసింది మీ ఎల్‌బీ నగర్ షాపులో మీరే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆలోచన నాది, కాబట్టి బండి నాది. వెంటనే అప్పగించవలసిందిగా కోరుతున్నాను.

మీ మాజీ మిత్రుడు,
సాంబమూర్తి

తా.క. నా ఖాకీ టోపీ, గళ్ల చొక్కా బండి మీది పెట్టెలో ఉండిపోయాయి. చేపల కంపు కొడుతున్నాయని లలిత వాటిని ఇంట్లోకి రానివ్వదు. బండి వచ్చేదాకా మీరే ఉంచుకోండి.


ఎల్‌బీ నగర్,
2011 సెప్టెంబరు.

మూర్తి సారుకు,

బక్కయ్య దండం పెట్టి రాస్తున్నది. మేమూ క్షేమమే, మీకు అనవసరమైనా సరే.

మీ ఉత్తరంలో 'మీరు', 'గారు' చూసి, ఇంకెవరికో రాసింది పొరపాటున నాకు వచ్చిందనుకున్నాను. ఇన్నేళ్ల దోస్తీలో మీరు నన్ను 'నువ్వు' దాటి పిలవలేదు. దోస్తీ పోయాకే మర్యాద దొరికింది. ముందే తెలిస్తే ఎప్పుడో కొట్లాట పెట్టుకునేవాణ్ని.

ఇంకో సంగతి. మాట్లాడేది ఒక తీరు, రాసేది ఒక తీరు అని నన్ను చూసి నవ్వకండి. బడిలో మాకు రాయడం నేర్పింది మీ దిక్కు భాషలోనే. మా ఇంటి మాట రాస్తే పంతులు తప్పని కొట్టేసేవాడు. ఇప్పుడు మీ మీద కోపం వచ్చినా మీ భాషలోనే రాయాల్సి వస్తున్నది. ఉద్యమం ఎందుకని హోటల్లో అడిగారు కదా, ఆ జాబితాలో ఇది కూడా వేసుకోండి.

ఇక బండి. ఆలోచన మీదని అన్నారు. మీది కాదు, టీవీలో తెల్లవాడిది. ఆలోచన ఎవరిదో బండి వాళ్లదే అయితే దాన్ని ఆ మంచు దేశానికి పార్సిలు చేయాలి. అసలు అది ఇంకా తయారు కాలేదు. ఎడమ స్కీ కొస ఉడుకుతుంటే ఫోను వచ్చి మాటల్లో పడ్డాను, చెక్క చీలింది. తప్పు నాదే. రేకు పట్టీ వేసి కట్టు కట్టాను.

బండి ముందు పక్క టీజీ అని రంగు వేశాను, చూసి గాబరా పడకండి. సాగర్ రోడ్డులో ప్రతి చౌరస్తా దగ్గర పిల్లలు బండ్లు ఆపి ఏపీ అక్షరాలు చెరిపేస్తున్నారు. మన బండికి నంబరే లేదు. ఏం చెరపాలో తెలియక వాళ్లు బండినే విరగ్గొడతారేమోనని నా భయం.

ఇయ్యనని నేను అనలేదు. ఈ సకల జనుల సమ్మె కాగానే ఇద్దరం చెరువుకు పోదాం. మాట్లాడకుండానే పోదాం. గాలం వేసినప్పుడు నోరు మెదపొద్దని మీరే కదా నన్ను గదమాయించేది.

దండాలతో,
బక్కయ్య

తా.క. చొక్కా ఉతకమంటారా అని అండాలమ్మ అడుగుతున్నది. ఉతికితే చేపలు మిమ్మల్ని గుర్తుపట్టవేమోనని నేనే ఆపాను.


దిల్‌సుఖ్‌నగర్,
2011 సెప్టెంబరు, మంగళవారం.

బక్కయ్య గారికి,

నమస్కారం లేదు.

నిన్న స్కూటరు మీద వస్తూ మీ ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఇరుక్కుపోయాను. మీవాళ్ల వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి పప్పుచారు కాస్తున్నారు. కాచుకోండి, నాకేం. కానీ ఆ గంగాళాలు, బియ్యం బస్తాలు సందుల్లోని బురద దాటి అక్కడికి దేని మీద వచ్చాయి? నా బండి మీద. తారు రోడ్డెక్కాక నా స్కీలు బరబరమని ఈడ్చుకుపోతుంటే నా పళ్లు జివ్వుమన్నాయి. చేపల కోసం చేసిన బండికి బియ్యపు బస్తాలా?

అక్కడితో ఆగితే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. కాసేపటికి అదే బండి మీద దిష్టిబొమ్మ వచ్చింది. దాని నెత్తిన నా ఖాకీ టోపీ. ఒంటి మీద నా గళ్ల చొక్కా. డప్పులతో ఊరేగించి, చెప్పులతో కొట్టి, కిరసనాయిలు పోసి అంటించారు. స్కూటరు మీద కూర్చుని నా అంత్యక్రియలు నేనే చూశాను. పక్కనున్న పెద్దమనిషి "ఎవర్ని కాలుస్తున్నారండీ" అని అడిగితే నన్నేనని చెప్పాను. ఇంటికొచ్చి సంగతి చెబితే లలిత నన్ను గుమ్మం బయటే నిలబెట్టి తల మీద రెండు బిందెలు కుమ్మరించింది.

రాష్ట్రం ఒకటిగా ఉండాలన్నందుకు నన్ను తగలబెట్టిస్తావా బక్కయ్యా? ఎన్ని ఆదివారాలు నా ఫ్లాస్కులో కాఫీ తాగావు నువ్వు? జవాబు వెంటనే రాకపోతే నేను తీసుకోవలసిన చర్యలు తీసుకుంటాను.

(ఇక ఏ సంబంధమూ లేని)
సాంబమూర్తి

తా.క. ఎవరో కుర్రాడు నాక్కూడా విస్తరి వేసి అన్నం పెట్టాడు. తిన్నాను. పప్పుచారు బాగుంది, అది వేరే విషయం. దిష్టిబొమ్మకు పొట్ట మాత్రం అంత పెద్దది కట్టనక్కర్లేదు.


ఎల్‌బీ నగర్,
గురువారం.

మూర్తి సారుకు,

దండాలు. మీ ఉత్తరం ఈ పూటే గుడిలో అందింది. వెంటనే జవాబు కావాలంటే గురువారం దాకా ఆగే ఉత్తరం రాయకూడదు సారూ, మనిషిని పంపాలి.

ఆ దిష్టిబొమ్మ మీరు కాదు. అది మీ దిక్కు పెద్ద లీడరొకాయనది. ఊరేగింపు పెట్టింది మా కాలనీ సంఘం జానయ్య. బొమ్మకు బట్టలు లేవని పిల్లలు వెతుకుతుంటే పెట్టెలో మీ చొక్కా, టోపీ కనబడ్డాయి. నేను అప్పుడు పొయ్యి దగ్గర ఉన్నాను. చూసేసరికే అంటుకుంది. అయినా కోపం చేసుకోకండి సారూ, మీ దిష్టిబొమ్మ కాల్చాలంటే మీరు అంత పెద్ద మనిషి కావద్దా? ఎల్‌బీ నగర్‌లో మీరెవరో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

బండి లాగింది మా జగన్. మీకు తెలుసు కదా, చనిపోయిన మా అన్న కొడుకు, మా ఇంట్లోనే పెరిగాడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి రోజూ పొద్దున పరుగు పెడుతున్నాడు. బండి లాగితే తొడలకు బలం వస్తుందని తనే తాడు భుజాన వేసుకున్నాడు. మా ఇంట్లో గవర్నమెంటు కొలువు చేసేవాడు ఉంటే వీడే ఉండాలి. ఆ ఖాకీ బట్టలు చూడాలని అండాలమ్మ మొక్కని దేవుడు లేడు.

టోపీ, చొక్కా కొత్తవి కొని పంపుతాను. బండిని బాగా కడిగి లోపల పెట్టాను.

ఇంకా సంబంధం ఉన్న,
బక్కయ్య

తా.క. పొట్ట మేము కట్టలేదు. మీ చొక్కా అంత గడ్డి తాగింది.


దిల్‌సుఖ్‌నగర్,
ఆ మరుసటి గురువారం.

బక్కయ్య గారికి,

మీ సంజాయిషీ ఆలస్యంగా అందింది. బుధవారమే నేను స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇచ్చి వచ్చాను. నాలుగు పేజీలు రాశాను. బండిని గుర్తుపట్టడానికి వీలుగా ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి ఎలా ఉంటుందో బొమ్మలు గీసి జతపరిచాను. చీలిన స్కీకి మీరు వేసిన రేకు పట్టీ, దానికి కొట్టిన మేకులతో సహా. ఎన్నాళ్లకో మళ్లీ స్కేలు పట్టుకున్నాను, చెయ్యి ఇంకా వణకడం లేదు.

ఎస్సై గారు ఆ బొమ్మలు అటూ ఇటూ తిప్పి ఇది పడవా, మంచమా అన్నారు. నీళ్లు లేనిచోట నడిచే పడవ అని చెప్పాను. అయితే దొరుకుతుందన్నారు.

నన్ను కాల్చేంత పెద్ద మనిషిని కాదని రాశారు. ఆ మాట బొమ్మను కాల్చినదాని కంటే ఎక్కువ మండుతోంది. నలభై ఇళ్ల అపార్టుమెంటుకు నేను కార్యదర్శిని అన్న సంగతి మీరు మరిచిపోయారు.

భవదీయుడు,
సాంబమూర్తి

తా.క. ఫిర్యాదులో మీ పేరు రాయలేదు. పాత స్నేహం అడ్డం వచ్చింది. ఎవరో గుర్తు తెలియని వ్యక్తులు ఎత్తుకుపోయి ఊరేగించారని మాత్రమే రాశాను.


ఎల్‌బీ నగర్,
2011 అక్టోబరు.

సారూ,

మీ బొమ్మ చాలా బాగుందట. పోలీసులు దాన్ని చేతిలో పట్టుకుని షాపుకు వచ్చారు. మేకులతో సహా పోల్చుకున్నారు. ఇంకో చేతిలో పేపరు ఉంది. అందులో వంటావార్పు ఫొటో వేశారు. బండి కనబడుతోంది, తాడు లాగే మనిషి వీపు కనబడుతోంది. ఈ వీపు ఎవరిదని అడిగారు. నేను నాదని చెప్పేలోపే జగన్ లోపలి నుంచి వచ్చి "నాదే సార్" అన్నాడు. వాడికి భయం తెలియదు. జీపు ఎక్కించుకుపోయారు.

బండి దొంగతనం, రోడ్డు ఆపడం, నిప్పు పెట్టడం, అన్నీ కలిపి రాశారు. కేసు ఉన్న పిల్లవాడికి కానిస్టేబుల్ ఉద్యోగం ఎవరిస్తారు? ఎవర్నీ నొప్పించొద్దని గుర్తు తెలియని వ్యక్తులని రాశారు మీరు. నా పేరు రాసినా బాగుండేది సారూ. పోవడానికి నాకేం ఉద్యోగం ఉంది?

అండాలమ్మ పొయ్యి ముట్టించలేదు. నేను వచ్చి మీ కాళ్లు పట్టుకోవాలంటే నోరు తెరవాలి, ఆ ఒట్టు అడ్డం వస్తున్నది. కాయితం మీదే పట్టుకుంటున్నాను. ఫిర్యాదు వెనక్కి తీసుకోండి.

బక్కయ్య

తా.క. ఏమీ లేదు.


దిల్‌సుఖ్‌నగర్,
2011 అక్టోబరు.

బక్కయ్యా,

జగన్ ఇంటికి చేరి ఉంటాడు. ముందు వాడికి అన్నం పెట్టండి, తర్వాత ఇది చదువు.

నీ ఉత్తరం గురువారం దాకా ఆగకుండా అండాలమ్మే స్వయంగా తెచ్చింది. గుమ్మంలో నిలబడి ఏడ్చింది. నేను చెప్పులు వేసుకుని అలాగే స్టేషన్‌కు పోయాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంటే ఎస్సై కుదరదన్నాడు. కేసు కట్టాక కాయితంలో నిందితుడు అనే గడి ఖాళీగా ఉండకూడదట. ఆ పిల్లవాడు కాకపోతే ఎవరో ఒకరు కావాలన్నాడు. ఆ మాట విన్నాక నాకు వేరే దారి కనబడలేదు.

"బండి లాగింది నేనే" అన్నాను.

ఫొటో ముందు పెట్టాడు. మీ జగన్ వీపు సన్నగా వెదురు కర్రలా ఉంది. నా వీపు నీకు తెలిసిందే. అప్పట్లో ఉపవాసాలు చేస్తున్నానని చెప్పాను. మరి మీ టోపీని మీరే ఎందుకు తగలబెట్టుకున్నారని అడిగాడు. నా టోపీ, నా ఇష్టం అన్నాను. చివరికి పెన్ను కింద పెట్టి, "మీరు ఆంధ్రావాళ్లు కదా పెద్దాయనా, ఈ ఊరేగింపులో మీకేం పని?" అన్నాడు.

"నాకు తెలంగాణ కావాలి" అన్నాను బక్కయ్యా. లాకప్పులో నుంచి మీ జగన్ నా వంక చూస్తున్నాడు. గొంతు వణికింది. దాన్ని ఆవేశమని రాసుకున్నాడు ఎస్సై.

బండి మాత్రం దొరకదు. కేసు తేలేదాకా అది స్టేషన్ వెనకాల ఉంటుందట. నేను జామీను మీద బయటికి వచ్చాను. సంగతి పేపర్లో చిన్న ముక్కగా పడింది. భీమవరం నుంచి మా బావమరిది చక్రపాణి ఫోను చేసి, మా రెండు వంశాల్లోనూ ఇలాంటివాడు పుట్టలేదని చెప్పి పెట్టేశాడు. అపార్టుమెంటువాళ్లు కార్యదర్శి పదవి తీసేశారు. లలిత నా కాఫీ ఫ్లాస్కు అటక మీద పెట్టేసింది. నిజం చెబుతున్నాను, ఇవన్నీ నొప్పి పెడుతున్నాయి. అయినా ఆ పిల్లవాడు ఆ గదిలో ఉండటం కంటే నయమే.

నీ
సాంబమూర్తి

తా.క. వాయిదాలు అయ్యేదాకా హైదరాబాదు వదిలి వెళ్లకూడదని కోర్టు చెప్పింది. పొమ్మని మీరు, పోవడానికి వీల్లేదని వాళ్లు. ఈ ఊళ్లో నేను ఉండాలని కాయితం మీద రాసిచ్చింది ఇన్నాళ్లకు వాళ్లే.

ఇంకో తా.క. ఒట్టు ఒట్టే. ముందు నువ్వు మాట్లాడితే నేను మాట్లాడతాను.


ఎల్‌బీ నగర్,
2014 జూన్.

మూర్తి సారుకు,

బక్కయ్య దండాలు. ముందు ఎవరు మాట్లాడాలనే దగ్గర మనిద్దరం ఇన్నేళ్లు ఆగిపోయాం. నిన్న సభలో మీరు నా దగ్గరకు వచ్చి నోరు తెరిచారు, నేను చూశాను. అప్పుడే మైకులో మీ పేరు పిలిచారు. అందుకని మళ్లీ ఉత్తరమే.

రాష్ట్రం వచ్చింది. నేను కోరుకున్నదే వచ్చింది. రాత్రంతా డప్పులు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. సంతోషం లేదని అబద్ధం రాయను.

నిన్నటి సన్మానానికి జాబితా ఎలా చేశారో జానయ్యను అడిగి తెలుసుకున్నాను. ఉద్యమం చేశామని ఇప్పుడు అందరూ వస్తున్నారట, నమ్మడానికి రుజువు కావాలట. అందుకని స్టేషన్‌లో కేసులున్న పేర్లు రాసుకొచ్చారు. మా కాలనీ వంటావార్పు నుంచి అందులో ఉన్నది ఒక్క మీరే. రాష్ట్రం వద్దన్న మీకు శాలువా కప్పి వీరుడన్నారు. మీరు తల దించుకుని కూర్చున్నారు. పెద్దలకు వినయం ఎక్కువని జానయ్య మైకులో మెచ్చుకున్నాడు.

మీ వెనక కట్టిన ఫ్లెక్సీ మీరు చూశారో లేదో. ఆ పేపరు ఫొటోనే పెద్దది చేశారు. వీపు మా జగన్‌ది, కింద పేరు మీది. నా పక్కనున్నవాళ్లు "సారు గప్పుడు సన్నగ ఉండె" అనుకున్నారు. స్టేషన్ నుంచి తెచ్చిన బండికి దండ వేసి స్టేజీ మీద పెట్టారు. ఉద్యమ రథమని చెప్పారు. ఒక్కసారి కూడా చెరువు చూడని బండి అది.

జగన్ ఆ సభలో కుర్చీలు వేశాడు, నీళ్ల సీసాలు పంచాడు. మీకు సీసా అందించింది వాడే. కేసు పోయింది గానీ కానిస్టేబుల్ ఉద్యోగం రాలేదు. పరుగులో గెలిచాడు, రాతపరీక్షలో తప్పాడు. ఇప్పుడు వయసు కూడా దాటింది. కేసులు ఉన్నవాళ్లకు మున్సిపాలిటీలో ఏదో ఒక పని ఇప్పిస్తానని జానయ్య చెబుతున్నాడు. జగన్ వెళ్లి, ఆ ఫొటోలో ఉన్నది నేనే అన్నాడు. "నీ మీద కేసున్నదా? లేకుంటే నువ్వు ఉద్యమంల లేనట్టే" అన్నాడు జానయ్య. వాడు అన్నం తినకుండా పడుకున్నాడు. అప్పట్లో మీరు విడిపించిన రోజు, స్టేషన్ నుంచి వచ్చాక మళ్లీ పోయి నేనే లాగినని చెబుతానని మంకుపట్టు పట్టాడు. చెంప మీద కొట్టి కూర్చోబెట్టింది నేనే.

మీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. మీరు చెడు చేసి ఉంటే తిట్టుకుని ఊరుకునేవాణ్ని. మంచి చేశారు. దాన్ని ఏం చేసుకోవాలో మా ఇంట్లో ఎవరికీ తెలియడం లేదు.

దండాలతో,
బక్కయ్య

తా.క. మీ చేతిరాత, మీ బొమ్మలు స్టేషన్‌లో అందరికీ తెలుసు. దయచేసి పాత తేదీ వేసి మా జగన్ మీద మళ్లీ ఒక ఫిర్యాదు ఇవ్వండి. దొంగతనమని రాసినా ఫరవాలేదు. పేరు, తండ్రి పేరు పెద్ద అక్షరాలతో రాయండి. ఈసారి వెనక్కి తీసుకోమని మేము రాయం.